మ్యాక్‌లో విండోస్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు

మొదట ఆపిల్ గుర్తు నొక్కి ‘అబౌట్ దిస్ మ్యాక్’ చూడండి. చిప్ ఇంటెల్ అని ఉంటే బూట్ క్యాంప్ (మ్యాక్‌లో విండోస్‌ని నేరుగా ఎక్కించే ఆపిల్ సాధనం) దారి ఉంది. 2020లో వచ్చిన ఆపిల్ సొంత చిప్ ఎం1, ఆ తర్వాతి చిప్‌లకు అది లేదు. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసి, అందులో ఆర్మ్ రకం (ఈ చిప్‌ల కుటుంబానికి చేసిన) విండోస్ 11 నడపాలి.

అసలు టెన్షన్ డ్రైవర్లతోనే, అంటే పరికరాలను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌తో. మామూలు విండోస్ ప్రోగ్రాములు ఆర్మ్‌లోనూ చాలావరకు నడుస్తాయి, డ్రైవర్లు మాత్రం ఆర్మ్ కోసం చేసినవే కావాలి. స్టిక్కర్ కటింగ్ ప్లాటరో, లైసెన్స్ డాంగిలో (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే యూఎస్‌బీకి పెట్టే తాళంలాంటిది) వాడుతుంటే, ఆ డ్రైవర్ ఉందని తేలాకే డబ్బు కట్టండి.

కోరల్‌డ్రా, ఆటోక్యాడ్‌లకు మ్యాక్ వెర్షన్లే ఉన్నాయి. వాటికోసం ఇంత తంటా ఎందుకో నాకైతే అర్థం కాదు. విండోస్‌లోనే నడిచే త్రీడీఎస్ మ్యాక్స్, రెవిట్ అయితే తప్పదు.

అను ఫాంట్లతో (డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు) చేసిన పాత ఫైల్ ఒకటి తెరిచి చూడండి. ఫాంట్ లేకపోతే ‘శ్రీ పైడితల్లి అమ్మవారు’ అని ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులొస్తాయి.

ర్యామ్ 16 జీబీ ఉంటే మేలు. మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్‌లో బ్యాకప్ తప్పనిసరి.

విజయనగరం వాళ్లయితే సిరిమానోత్సవం ఫ్లెక్సీల హడావిడిలో ఈ పని పెట్టుకోకండి. పాత విండోస్ సిస్టమ్‌ని అప్పుడే అమ్మేయొద్దు కూడా.