డీమాట్ అకౌంట్‌లోకి ఎవరో దూరారా? ముందు తలుపు వెయ్యండి

మా బావది కావలి. రొయ్యల చెరువు పట్టుబడి డబ్బులో కొంత షేర్లలో పెడుతుంటాడు. ఆ కొనడం, అమ్మడం బ్రోకర్ కంపెనీ యాప్‌లో చేస్తాడు, కొన్న షేర్లు డీమాట్ అకౌంట్‌లో ఉంటాయి. ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నర దాటాక తను పెట్టని ఆర్డర్ల మెసేజ్‌లు వరసగా రావడం మొదలైంది. ఆ కంగారులో గూగుల్‌లో బ్రోకర్ కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనపడినదానికి ఫోన్ చేశాడు. అది ఇంకో దొంగ నంబరు. వాడు స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటుంటే మా అక్క ఫోన్ లాక్కుంది, లేకపోతే బ్యాంకు ఖాతా కూడా ఊడ్చుకుపోయేది.

అందుకే అన్నిటికన్నా ముందు నంబరు సంగతి చెప్తున్నా. మీరు షేర్లు కొన్నప్పుడో అమ్మినప్పుడో ఈమెయిల్‌కి కాంట్రాక్ట్ నోట్ వస్తుంది కదా, దాని మీద బ్రోకర్ అసలు ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఏ గొడవా లేని ఈరోజే వాటిని ఫోన్‌లో సేవ్ చేసుకోండి, గోడ మీద క్యాలెండర్‌లో కూడా రాయండి, ఎందుకంటే ఆ టైంలో మీ ఫోనే మీ చేతిలో పని చెయ్యకపోవచ్చు.

ఇక పని. మా బావ నాకు ఫోన్ చేసినప్పుడు "ఎంత పోయిందో లెక్క చూస్తున్నా" అన్నాడు. "లెక్క తర్వాత చూడొచ్చు బావా, యాప్‌లో ఏమీ నొక్కబాక, ముందు అకౌంట్ ఫ్రీజ్ చేయించు, అంటే ఎవరూ వాడకుండా ఆపించు" అన్నా. ఆన్‌లైన్ ట్రేడింగ్‌ను కస్టమర్ అడగగానే ఆపే సౌకర్యం ప్రతి బ్రోకరూ ఇవ్వాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ చెప్పింది, 2024 జూలై 1 నుంచి అది అమల్లో ఉంది. మార్కెట్ నడిచే టైంలో అడిగితే 15 నిమిషాల్లో ఆపాలి, పెండింగ్ ఆర్డర్లు కూడా రద్దు చెయ్యాలి. దీనికోసం బ్రోకర్లకు స్టాప్‌ట్రేడ్ అని మొదలయ్యే ఈమెయిల్ అడ్రస్ ఉంటుంది. ఫోన్ చేసినా సరే, రిజిస్టర్ అయిన మీ ఈమెయిల్ నుంచి రెండు ముక్కలు కచ్చితంగా రాయండి: ఈ టైం నుంచి నేను ఆర్డర్లు పెట్టలేదు, అకౌంట్ ఫ్రీజ్ చెయ్యండి. రేపు గొడవ వస్తే ఆ మెయిల్ మీద ఉన్న టైమే మీకు సాక్ష్యం.

ఫ్రీజ్ చేస్తే కొత్త ఆర్డర్లు ఆగుతాయి కానీ, అప్పటికే దొంగ కొనిపెట్టిన ఆప్షన్లు (షేరును ముందే అనుకున్న రేటుకు కొనే లేదా అమ్మే హక్కు ఇచ్చే కాంట్రాక్టులు) అలాగే ఉంటాయి. వాటిని ఏం చెయ్యాలో బ్రోకర్‌తో మాట్లాడి తేల్చుకోండి, ఆ మాట మెయిల్‌లో కూడా పెట్టించుకోండి.

చాలామంది ఇక్కడ మోసపోయేది, "డబ్బు నా బ్యాంకుకే కదా వస్తుంది, వాడు ఎలా తీసుకుంటాడు" అనుకోవడం వల్ల. వాడికి విత్‌డ్రా అక్కర్లేదు. ఎవరూ కొనని ఆప్షన్‌ను తన అకౌంట్ నుంచి దారుణంగా ఎక్కువ రేటుకు అమ్మకానికి పెట్టి, మీ అకౌంట్‌తో దాన్ని కొనిపిస్తాడు. నష్టం మీకు, లాభం వాడికి. మీ మంచి షేర్లను అమ్మేసి ఆ డబ్బుతో ఇదే పని చేయొచ్చు. కాబట్టి బ్యాలెన్స్ ఒక్కటే కాదు, ఆర్డర్ బుక్ (యాప్‌లో పెట్టిన ఆర్డర్ల జాబితా) మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మన షేర్లను అసలు దాచేది డిపాజిటరీ అనే సంస్థ. షేర్లు ఉన్నాయో లేదో బ్రోకర్ యాప్‌ను నమ్మకుండా ఆ సంస్థ ఆన్‌లైన్ సేవలోనే, మీది సీడీఎస్ఎల్ అయితే ఈజీలో, ఎన్ఎస్‌డీఎల్ అయితే ఐడియాస్‌లో నేరుగా చూడండి.

తర్వాత ఈమెయిల్. పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి కనుక ట్రేడింగ్ పాస్‌వర్డ్ కన్నా ముందు దాన్నే మార్చాలి. వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చి, లాగిన్ అయి ఉన్న పాత పరికరాలన్నిటినీ బయటకు పంపండి. సెట్టింగ్స్‌లో మీ మెయిల్స్ ఇంకెవరికో ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి, అది మర్చిపోతే పాస్‌వర్డ్ మార్చి కూడా ఉపయోగం లేదు. ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి ఎంతకీ రాకపోతే మీ సిమ్ డూప్లికేట్ తీశారేమో, వెంటనే ఆ కంపెనీకి చెప్పి ఆపించండి. వాట్సాప్‌లో పెళ్లి కార్డు అనో, బండి చలానా అనో వచ్చిన ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) వేసుకుని ఉంటే ఆ ఫోన్ ఇంటర్నెట్ ఆపేసి, మొత్తం రీసెట్ చేసేదాకా దాంట్లో ఓటీపీ చూడొద్దు. రీసెట్‌కి ముందు ఆ ఫైల్ వచ్చిన మెసేజ్‌ను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి.

బ్యాంకు నుంచి కూడా డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకూ అదే రోజు చెప్పాలి. మన తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ల మీద ఆ నష్టం పడదని ఆర్‌బీఐ 2017లోనే నిబంధన పెట్టింది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ ఇచ్చి నంబరు దాచుకోండి. పోలీస్ స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్. ఒంగోలులో ఉన్నవాళ్లు అందుకోసం బ్రోకర్ ఆఫీసున్న ఊరికి పోనక్కర్లేదు.

బ్రోకర్‌ను లాగిన్ వివరాలు రాతపూర్వకంగా అడగండి: ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి, ఏ పరికరం నుంచి, ఎన్ని గంటలకు. నోటితో అడిగితే "చూస్తామండీ" అంటారు, అంతే. మా బావ కావలిలో ఉండగా వేరే చోటు నుంచి లాగిన్ అయిందని చూపించింది ఆ కాగితమే. బ్రోకర్ సరిగ్గా జవాబివ్వకపోతే సెబీ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో పెట్టండి, 21 రోజుల్లో వాళ్లు సమాధానం చెప్పాలి. అక్కడా తేలకపోతే గొడవలను ఆన్‌లైన్‌లో తేల్చే స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్ ఉంది.

ఇంకొకటి, ఇంట్లో దాచబాకండి. మా బావ పరువు పోతుందని ఒక్కడే కూర్చుని ఉంటే ఆ రెండో దొంగ పని పూర్తయ్యేది. కొన్నాళ్లకు "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఫోన్లు వస్తాయి, పోలీసులమనీ, సెబీ అనీ చెప్పుకుంటారు. ఎవరికీ రూపాయి కట్టొద్దు.

అకౌంట్ మళ్లీ తెరిపించేటప్పుడు ప్రొఫైల్‌లో మొబైల్ నంబరు, ఈమెయిల్, బ్యాంకు ఖాతా, నామినీ నాలుగూ మీవేనా అని చూసుకోండి. మా బావ అకౌంట్‌లో ఈమెయిల్ మారిపోయి ఉంది. దాన్ని మార్పించాకే ఫ్రీజ్ తీయించాం.