మూడుల్‌లో కోర్సు పెట్టడం, పాఠాలు సర్దడం ఎలా?

నేను మొదటిసారి పెట్టిన ఆన్‌లైన్ కోర్సు తెలుగు ఛందస్సు మీద. దగ్గరున్న పీడీఎఫ్‌లు, పీపీటీలు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ కలిపి 40కి పైగా ఫైళ్లు ఒకే రోజు ఎక్కించేసి, పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ఒక విద్యార్థిని మెసేజ్: "సార్, గణాల పీడీఎఫ్ పంపరా?" ఆ ఫైలు కోర్సులోనే ఉంది. కానీ ఫోన్లో దాన్ని చేరుకోవాలంటే వేలు అరిగేలా పేజీ కిందికి జరపాలి. పైగా దాని పేరు "స్కాన్ ఫైనల్ 2". ఆ పిల్ల తప్పేం లేదు.

ఆ కోర్సును తర్వాత మొదటి నుంచీ మళ్లీ కట్టాను. ఎలా కట్టానో అదే కోర్సును చూపిస్తూ చెబుతాను. వాడింది మూడుల్. ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. అందుకే ఎన్నో కాలేజీలు, యూనివర్సిటీలు దీన్నే వాడుతున్నాయి. నేను చెప్పేది 4వ వెర్షన్, ఆపై వచ్చినవాటికి సరిపోతుంది. బటన్ల పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త అటూఇటూ ఉంటాయి.

ముందు కాగితం, పెన్ను

కంప్యూటర్ తెరవకముందే కోర్సును భాగాలుగా రాసుకోండి. నావి ఇవి: గురులఘువులు, గణాలు, యతిప్రాసలు, వృత్తాలు, కందం, ఉపజాతులు, సొంత పద్యం. ఒక్కో భాగం ఎదురుగా ఒకే ఒక వాక్యం రాయాలి: ఇది అయ్యేసరికి విద్యార్థికి ఏం చేయడం రావాలి? గణాల (మూడక్షరాల్లో గురువులు, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలు, లఘువులు, అంటే పొట్టి అక్షరాలు, వచ్చే వరసలు) ఎదురుగా "ఏ మూడక్షరాల మాట ఇచ్చినా అది ఏ గణమో చెప్పాలి" అని రాసుకున్నాను. ఆ వాక్యానికి పనికిరాని ఫైళ్లన్నీ పక్కకు పోయాయి. 40 ఫైళ్లలో మిగిలింది 17.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక "స్వయం"లో కోర్సులు చూసినవాళ్లకు అక్కడ నాలుగు అంగాలుంటాయని తెలిసే ఉంటుంది: వీడియో, చదివే పాఠం, చర్చావేదిక, స్వయం మూల్యాంకనం. ప్రతి భాగంలోనూ ఈ నాలుగూ ఉండి తీరాలని లేదు. ఏది లేదో మీకు తెలిసి ఉంటే చాలు.

కోర్సు సెట్టింగులు

కోర్సులోకి వెళ్లి సెట్టింగ్స్ తెరవండి. ఇక్కడ చూడాల్సినవి మూడే. మొదటిది విజిబిలిటీ. పని పూర్తయ్యేదాకా హైడ్‌లో పెట్టండి, లేకపోతే సగం కట్టిన ఇంట్లోకి చుట్టాలు దిగుతారు. రెండోది కోర్సు మొదలయ్యే తేదీ. మూడోది ఫార్మాట్: వారాలవారీగానా, అంశాలవారీగానా? వారాలు ఎంచుకుంటే ఒక్కో భాగానికి తేదీలు దానంతట అదే వేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మధ్యలో పండగ సెలవులో, పరీక్షలో వచ్చి ఒక వారం జరిగిందంటే తేదీలన్నీ అబద్ధాలవుతాయి. మన కాలేజీ క్యాలెండర్ సంగతి తెలిసిందే కదా. నేనైతే అంశాలకే ఓటేస్తాను.

ఇప్పుడు పైన కుడివైపు ఉండే ఎడిట్ మోడ్ ఆన్ చేయండి. ప్రతి భాగం పేరు పక్కన పెన్సిల్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరు తీసేసి "2. గణాలు: మాటను విడగొట్టి గుర్తుపట్టడం" లాంటి పేరు పెట్టండి. పేరు మార్చని కోర్సు బోర్డు లేని బస్సు లాంటిది.

ఏ సరుకు ఏ డబ్బాలో?

భాగం కింద ఉండే "యాడ్ యాన్ యాక్టివిటీ ఆర్ రిసోర్స్" నొక్కితే బోలెడు గుర్తులతో ఒక పెట్టె తెరుచుకుంటుంది. అక్కడే చాలామంది కంగారుపడి, తెలిసిన "ఫైల్" నొక్కేసి బయటపడతారు. నిజానికి ఎక్కువగా కావాల్సింది "పేజ్". పాఠం నేరుగా అక్కడే టైప్ చేస్తే ఫోన్లో అక్షరాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. అదే పాఠం పీడీఎఫ్‌గా పెడితే డౌన్‌లోడ్ చేయాలి, వేళ్లతో పెద్దది చేసుకోవాలి, పక్కకు జరపాలి. ప్రింట్ తీసుకుని పెన్నుతో నింపే అభ్యాసపత్రానికి మాత్రం పీడీఎఫే సరైనది.

పాఠం పెద్దదైతే "బుక్" వాడండి, అధ్యాయాలు వస్తాయి. బయటి లింకుకు "యూఆర్‌ఎల్". కోర్సు పేజీ మీదే నాలుగు మాటలు కనిపించాలంటే "టెక్స్ట్ అండ్ మీడియా ఏరియా", పాత వెర్షన్లలో దీని పేరు లేబుల్. వీడియోను సర్వర్‌లోకి ఎక్కించకండి. సైజు పరిమితి దగ్గర ఆగిపోతుంది, ఆగకపోతే సర్వర్ మూలుగుతుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లే చూడగలిగేలా) పెట్టి లింక్ ఇవ్వండి. పద్యం చదివి వినిపించాలంటే ఎడిటర్‌లోనే మైకు గుర్తు ఉంటుంది. మామూలుగా 2 నిమిషాలదాకా రికార్డు చేసుకోనిస్తుంది, ఒక పద్యానికి ధారాళంగా సరిపోతుంది.

తెలుగులో పాఠాలు పెట్టేవాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. మన పాత నోట్సులు చాలావరకు డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్లలో చేయించినవి. అవి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి, కాదు. వాటిని కాపీ చేసి పేజ్‌లో అతికిస్తే తెలుగు రాదు, ఏవో వంకర టింకర ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, కానీ ఒత్తులూ సున్నలూ అక్కడక్కడా జారిపోతాయి. ఛందస్సు పాఠంలో ఒత్తు జారితే గణమే మారిపోతుంది! కాబట్టి మార్చాక పక్కన అసలు ప్రింటు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. అంత ఓపిక లేకపోతే పీడీఎఫ్‌గా ఉంచేయడం మేలు. వర్డ్ ఫైలుగా మాత్రం వద్దు. మీ ఫాంటు వాళ్ల ఫోన్లో ఉండదు.

పేర్ల విషయం కూడా ఇక్కడే. "నోట్స్ న్యూ", "ఫైనల్ 2" కాకుండా పని చెప్పే పేరు పెట్టండి: "చదవండి: ఎనిమిది గణాలు", "చేయండి: గణవిభజన అభ్యాసం". ఫైల్లో తప్పు దొరికితే పాతది తీసేసి కొత్తది పక్కన పెట్టే అలవాటు మానుకోండి. అదే ఐటమ్ సెట్టింగ్స్ తెరిచి లోపలి ఫైలును మారిస్తే లింక్ అదే ఉంటుంది, ఎవరు చూశారన్న లెక్కా చెదరదు.

ఒక భాగాన్ని దగ్గరగా చూద్దాం

నా "గణాలు" భాగంలో ఇప్పుడు ఆరు ఐటమ్‌లున్నాయి, పై నుంచి కిందికి చేయాల్సిన వరసలోనే. అన్నిటికంటే పైన మూడు లైన్ల టెక్స్ట్: ఈ వారం ఏం చేయాలి, ఎంత సేపు పడుతుంది, చివరి తేదీ ఏది. తర్వాత పేజ్‌లో పాఠం. ఆ తర్వాత 8 నిమిషాల వీడియో. తర్వాత అభ్యాసపత్రం పీడీఎఫ్. తర్వాత 10 ప్రశ్నల క్విజ్. ఆఖర్న ఫోరంలో ఒక ప్రశ్న: "మీ ఊరి పేరు ఏ గణం?"

ఈ చివరిది సరదాకి పెట్టాను, తీరా అందరికంటే ఎక్కువ పని చేసింది అదే. గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, ఏలూరు, కర్నూలు వరసగా త గణమే వచ్చేసరికి పిల్లలు తబ్బిబ్బయ్యారు. తెనాలి జ గణం, భీమిలి భ గణం, వరంగల్ య గణం అని ఒకరిని చూసి ఒకరు రాశారు. నాలుగక్షరాల ఊళ్లవాళ్లు మాకేం గతి అని అడిగారు. పాఠం కంటే ముందు ఫోరం చదివినవాళ్లూ ఉన్నారు.

క్విజ్‌కు ప్రశ్నలు ఒక్కొక్కటే ఫారంలో నింపుతూ కూర్చోకండి. క్వశ్చన్ బ్యాంక్‌లో ఇంపోర్ట్ ఉంది, ఐకెన్ అనే ఫార్మాట్ అన్నిటికంటే తేలిక. నోట్‌ప్యాడ్‌లో ఒక లైనులో ప్రశ్న: "రాముడు అనే మాట ఏ గణం?" కింద ఒక్కో లైనులో ఒక్కో జవాబు. ప్రతిదాని ముందు ఇంగ్లిష్ పెద్దబడి ఏ, బీ, సీ, డీ, దాని పక్కన చుక్క. ఆఖరి లైనులో ఆన్సర్ అన్న మాట పెద్దబడి ఇంగ్లిష్‌లో, కోలన్, సరైన జవాబు అక్షరం. అంతే. ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయడం మరిచిపోకండి. పాత విండోస్‌లో అది చూసుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఒక సాయంత్రమంతా నాకు అలాగే పోయింది.

ఇంపోర్ట్ అయ్యాక ఒక్కో జవాబుకు ఫీడ్‌బ్యాక్ రాయండి, ఐకెన్ దాన్ని తీసుకురాదు. "రాముడు" భ గణం. ఎవరైనా జ అని పెడితే "తప్పు" అని ఊరుకోకుండా, "జ గణంలో గురువు మధ్యలో ఉంటుంది, మహేశ లాగ. ఇక్కడ గురువు ఎక్కడుంది?" అని కనిపించాలి. శ్రమే, కానీ ఒకసారి రాస్తే అన్ని బ్యాచ్‌లకూ పనికొస్తుంది.

వరస, తాళాలు

ఐటమ్‌ను మౌస్‌తో పట్టుకుని లాగితే పైకీ కిందికీ, వేరే భాగంలోకీ జరుగుతుంది. ఫోన్లో లాగడం కష్టం, అప్పుడు మూడు చుక్కల మెనూలో "మూవ్" వాడండి. అదే మెనూలో "డూప్లికేట్" కూడా ఉంది. ఒక క్విజ్ సెట్టింగ్స్ కుదిరాక దాన్నే కాపీ చేసుకుంటే మిగతావాటికి సగం పని తప్పుతుంది.

"రిస్ట్రిక్ట్ యాక్సెస్" అంటే తాళం. ఫలానా తేదీ దాకానో, ముందరి క్విజ్ పూర్తయ్యేదాకానో ఒక ఐటమ్ తెరుచుకోకుండా చేయొచ్చు. పూర్తయిందీ లేనిదీ చూసి తెరవాలంటే ముందు ఆ ముందరి ఐటమ్‌కు కంప్లీషన్ షరతు, అంటే ఏం చేస్తే అది పూర్తయినట్టో చెప్పే షరతు, పెట్టి ఉండాలి. తాళం షరతు పక్కన కన్ను గుర్తు ఉంటుంది: తెరిచి ఉంటే ఐటమ్ బూడిద రంగులో కనిపిస్తూ, ఏం చేస్తే తెరుచుకుంటుందో చెబుతుంది. మూసేస్తే ఐటమ్ అసలు కనిపించదు. కన్ను తెరిచే ఉంచండి. లేకపోతే "సార్, మాకు మూడో పాఠం రాలేదు" అని ఫోన్లు మొదలవుతాయి. తాళాలు కూడా పొదుపుగా వేయండి. నేను రెండే చోట్ల వేశాను: గణాల క్విజ్ దాటందే వృత్తాలు తెరుచుకోవు, వృత్తాలు దాటందే సొంత పద్యం సమర్పించడానికి లేదు. గణాలు రానివాడికి ఉత్పలమాలలో భ-ర-న-భ-భ-ర-వ చెప్పి లాభం లేదు కాబట్టి.

విద్యార్థి కళ్లతో ఒకసారి

మీ పేరు మీద నొక్కి "స్విచ్ రోల్ టు స్టూడెంట్" ఎంచుకుంటే విద్యార్థికి కనిపించినట్టు కనిపిస్తుంది. ఇది చాలావరకు చాలు. తాళాలు, మార్కులు గట్టిగా పరీక్షించాలంటే మాత్రం అడ్మిన్‌ను అడిగి ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా తీసుకుని, క్విజ్ తప్పుల్తో సహా రాసి చూడండి. ఆపైన చవక ఫోన్ ఒకటి పట్టుకుని, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మూడుల్ యాప్‌లో తెరవండి. యాప్ పనిచేయాలంటే అడ్మిన్ మొబైల్ సేవలు ఆన్ చేసి ఉండాలి. సిగ్నల్ సరిగా లేని ఊళ్ల పిల్లలకు, ముందే డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత చదువుకోవచ్చని పై టెక్స్ట్‌లో ఒక ముక్క రాసి పెట్టండి. ఇవన్నీ చూశాకే విజిబిలిటీని షోకు మార్చండి.

పొరపాటున ఏదైనా డిలీట్ అయితే టెన్షన్ పడకండి. కోర్సు మెనూలో రీసైకిల్ బిన్ ఉంటుంది, అడ్మిన్ మార్చకపోతే 7 రోజులదాకా వస్తువు అందులో దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అసలు కోర్సు మీద ప్రయోగాలు చేయకుండా మూడుల్ వాళ్లు నడిపే డెమో సైట్లో ఆడుకోవచ్చు. అక్కడ ఏం చెడగొట్టినా గంటకోసారి అంతా తుడుచుకుపోతుంది.

వచ్చే బ్యాచ్‌కు

సెమిస్టర్ అయ్యాక కోర్సును బ్యాకప్ తీసి, ఆ ఫైలును సర్వర్ మీదే వదిలేయకుండా మీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కొత్త బ్యాచ్‌కు వేరే ఖాళీ కోర్సు తీసుకుని, పాతదాని నుంచి "ఇంపోర్ట్" చేస్తే పాఠాలు, క్విజ్‌లు వస్తాయి, పాత విద్యార్థుల జవాబులు రావు. తేదీలు మాత్రం ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి. పోయిన ఏడాది నవంబరులో ముగిసిన క్విజ్ గడువు ఈసారి అలాగే ఉండిపోయింది, మొదటి రోజే పదిమందికి "గడువు ముగిసింది" అని కనిపించింది. ఇప్పుడు నా కాగితం మీద భాగాల పేర్ల పక్కన తేదీలకు ఇంకో గడి గీసుకున్నాను.