నీరసం ఏ వేళకు వస్తోంది? ముందు ఆ గ్లాసు మార్చండి

నీరసం అనగానే బలం టానిక్ కోసం మెడికల్ షాపుకు వెళ్తాం. దానికి ముందు మూడు రోజులు ఒక్క పని చేయండి: రోజులో ఏ టైముకు వాలిపోతున్నారో రాసుకోండి. మీరు తాగేవాటిలో తప్పు ఏ గ్లాసులో ఉందో చాలావరకు ఆ టైమే చెప్పేస్తుంది.

పదకొండింటికే కాళ్లు పీకడం, ఆకలి, చిరాకు

కారణం: టిఫిన్ బదులు టీ, బిస్కెట్లు. మా ఇంట్లో ఓసారి లెక్కేశాను. గ్లాసుకు రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు గ్లాసులు, అంటే దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది.

పరిష్కారం: రాగి అంబలి. రాత్రి రెండు పెద్ద చెంచాల రాగిపిండిని చన్నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి తిప్పుతూ ఉండండి. పచ్చివాసన పోయి, గరిటె వెనక పూతలా అంటుకుంటే దించేయండి. తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. అందులో మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ వేసుకోవాలి. బెల్లం జావా బాగుంటుంది కానీ, బెల్లమూ చక్కెరే. గుప్పెడు వేస్తే టీ మానిన లాభం పోయినట్టే.

మూడింటికి తలనొప్పి, మూత్రం ముదురు పసుపు

నీళ్లు చాలలేదు. ఏసీ గదిలో దాహం తెలియదు. పల్చటి ఉప్పు మజ్జిగ తాగండి. కొబ్బరి నీళ్లూ మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే తాగాలి. బీపీ ఉంటే మజ్జిగలో ఉప్పు తగ్గించాలి. ఓఆర్‌ఎస్ (ఒంట్లో నీళ్లు, లవణాలు పోయినప్పుడు ఇచ్చే ఉప్పు-చక్కెర ద్రావణం) విరేచనాలకు, వడదెబ్బకు; రోజూ తాగేది కాదు. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే పానీయాలకు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా.

ఎనిమిది గంటలు పడుకున్నా మత్తు వదలదు

సాయంత్రం కాఫీని అనుమానించండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగింది పదకొండింటికీ సగం మిగిలే ఉంటుంది. చివరి కప్పు మధ్యాహ్నం రెండింటికి తాగేయండి. ఒక్కసారే మానేస్తే రెండు మూడు రోజులు తల పగిలిపోతుంది, కాబట్టి కప్పు సగం చేస్తూ రండి.

ఏం తాగినా తగ్గదు, మెట్లెక్కితే ఆయాసం

రక్తం తక్కువేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనమైన వెంటనే టీ తాగితే తోటకూరలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. గంట ఆగండి. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. కానీ ఉన్న రక్తహీనత నిమ్మరసంతో పోదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. షుగర్‌కు పరగడుపున వెళ్లాలి, ఆ పూట మంచినీళ్లు తప్ప టీ కూడా వద్దు.