చిన్నచూపుతో మొదలుపెట్టే క్లాసిక్ నవలను చదివే పద్ధతి

పేరుమోసిన పాత నవల పట్ల మనకుండే చిన్నచూపు చాలాసార్లు ఆ నవల చదవడం వల్ల కలిగినది కాదు. సినిమాల నుంచి, పరీక్షల కోసం చదివిన సారాంశాల నుంచి, సగంలో వదిలేసినవారి మాటల నుంచి వచ్చి చేరినది. అందువల్ల పుస్తకం తెరవకముందే, అందులో ఏముంటుందని అనుకుంటున్నారో నాలుగైదు వాక్యాల్లో కాగితం మీద రాసిపెట్టుకోండి. మొహమాటం అక్కర్లేదు; విసుగు పుట్టిస్తుందనిపిస్తే ఆ మాటే రాయండి.

ఇలా రాసుకోవడం ఎందుకో మేరీ షెల్లీ 1818లో వెలువరించిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ చూస్తే తెలుస్తుంది. చదవనివారిని అడిగితే ఉరుములు, మెరుపులు, మెడకు బోల్టులు, మాటరాని రాక్షసుడు అని చెబుతారు. ఇవన్నీ ప్రధానంగా 1931 నాటి హాలీవుడ్ సినిమా మన మనసులో నాటినవి. నవలలో ప్రాణం పోసే ఘట్టంలో మెరుపే లేదు. నవంబరు నాటి రాత్రి, కిటికీ అద్దాల మీద వాన చప్పుడు, ఆరిపోవడానికి సిద్ధంగా ఉన్న కొవ్వొత్తి, ఆ కొద్దిపాటి వెలుగులో తెరుచుకున్న పసుపుపచ్చని కన్ను, అంతే. ఆ ప్రాణిని సృష్టించిన ఫ్రాంకెన్‌స్టయిన్ అసహ్యంతో గది విడిచి పారిపోతాడు. ఇక ఆ మాటరానివాడు గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని గమనిస్తూ భాష నేర్చుకుంటాడు, మిల్టన్ కావ్యం చదువుతాడు, తన గోడును అధ్యాయాల తరబడి తర్కబద్ధంగా వినిపిస్తాడు. ముందే రాసిపెట్టుకున్న పాఠకుడికి తన ఊహ ఏ పేజీలో తప్పిందో స్పష్టంగా కనబడుతుంది. అక్కడ పెన్సిలుతో గీత గీయండి.

సంక్షిప్త ప్రతి తీసుకోవద్దు, ఎందుకంటే సంక్షిప్తం చేసేవారు కథను ఉంచి, మనం ఊహించనివాటినే ముందుగా కోసేస్తారు. అనువాదమైతే రెండు మూడు అనువాదాల మొదటి పేజీలను పోల్చి చూసి ఎంచుకోండి. ముందుమాటను చివరికి వాయిదా వేయండి. అది కథను బయటపెట్టడమే కాక, దేన్ని మెచ్చుకోవాలో కూడా ముందే చెప్పేస్తుంది.

ఆరంభాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న ఒక నావికుడు అక్కకు రాసే ఉత్తరాలతో మొదలవుతుంది. అసలు కథ చెప్పవలసినవాడు నోరు విప్పేదాకా ఆగడం న్యాయం. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ ‘డాన్ కిహోటే’ గురించి, కథానాయకుడు గాలిమరలను రాక్షసులనుకుని చేసే పోరాటం ఒక్కటే తెలిసినవారికి, అది 1605 నాటి మొదటి భాగంలో ఎనిమిదో అధ్యాయంలోనే ముగిసిపోతుందని, ఆ భాగంలోనే మరో 44 అధ్యాయాలు మిగిలి ఉంటాయని తెలియదు. 1615లో వచ్చిన రెండో భాగంలోనైతే కథానాయకుడికి ఎదురయ్యేవారిలో కొందరు మొదటి భాగాన్ని అప్పటికే చదివి ఉంటారు, అతణ్ణి ఆటపట్టిస్తారు. ఇంత కొంటెతనాన్ని నాలుగు వందల ఏళ్ల నాటి పుస్తకంలో ఎవరు ఎదురుచూస్తారు?

వేగం విషయానికి వస్తే, డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860-61లో వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. అలాంటి నవలను ఒకేసారి మింగేయాలని చూడకుండా రోజుకు ఒకటి రెండు అధ్యాయాలు చదవడమే మేలు.

విసుగు పుట్టించే అధ్యాయం ఎదురైతే, దాటవేసే ముందు రచయిత నవ్వుతున్నాడేమో ఒకసారి చూడండి. మెల్విల్ ‘మోబీ డిక్’లో తిమింగలాల వర్గీకరణకు కేటాయించిన 32వ అధ్యాయాన్ని శాస్త్రపాఠమనుకుని చాలామంది పుస్తకం మూసేస్తారు, కానీ అక్కడ అతడు తిమింగలాలను ఫోలియో, ఆక్టేవో, డ్యుయోడెసిమో అంటూ పుస్తకాల సైజుల ప్రకారం విడదీస్తున్నాడు. నా దృష్టిలో ఆ నవల మొత్తంలో అత్యంత గంభీరమైన హాస్యం అదే.

ఒక జాగ్రత్త అవసరం. ఆశ తక్కువగా ఉన్నప్పుడు ఓ మాదిరి పుస్తకం కూడా అద్భుతంగా తోస్తుంది. అందుకని ముగించిన వెంటనే ఎవరికీ సిఫారసు చేయకుండా, కొన్ని వారాలు గడిచాక గీత గీసిన పేజీలను మాత్రం మళ్లీ చదవండి. అప్పటికీ అవి నిలబడితే అది పుస్తకం బలమే. మూడో వంతు చదివినా ఒక్క గీత కూడా పడకపోతే నిస్సంకోచంగా పక్కన పెట్టేయవచ్చు.