తెల్లారేసరికి తప్పుడు కమిట్ దొరకాలంటే

మాది పాలకొల్లు పక్క పల్లెటూరండి. పెదనాన్నగారి రొయ్యల చెరువులో ఏరియేటర్లు (నీళ్లకి గాలి పట్టించే చక్రాలు) నడిపేది నేను బిగించిన చిన్న లైనక్స్ బోర్డు. ఒకరోజు వేకువన మూడింటికి, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి, ఫోను. "ఒరేయ్, కరెంటొచ్చింది గానీ చక్రాలు తిరగట్లేదురా!" ముందురోజే బోర్డులో కొత్త కెర్నెల్, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, ఎక్కించాను. వెళ్లి చూస్తే, అయిదుసార్లు ఆపి వేస్తే ఒకసారి బూట్ మధ్యలో పానిక్ అవుతోంది, అంటే కెర్నెల్ కోలుకోలేక ఆగిపోతోంది. పాతది పెట్టేసి ఇంటికొచ్చాను.

పాత వెర్షన్‌కీ కొత్తదానికీ మధ్య పది వేలకు పైగా కమిట్లు, అంటే కోడ్‌లో ఒక్కొక్కటిగా చేసిన మార్పులు. ఈ పానిక్ తెచ్చింది వాటిలో ఏదో పట్టుకోవాలి. భయపడక్కర్లేదు. శివారు చేనుకి నీళ్లందకపోతే ముందు మధ్య లాకు దగ్గర చూస్తాం. అక్కడ నిండుగా ఉంటే గండి కిందే, లేదంటే పైనే. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో 'బైసెక్ట్' అనే కమాండ్ చేసేదీ అదే. 14 సార్లు సగానికి కోస్తే చాలు. ఆ 14 సార్లూ మనం కూర్చోకుండా 'బైసెక్ట్ రన్'కి ఒక స్క్రిప్టు అప్పగించాలి.

స్క్రిప్టు ముగిసేటప్పుడు ఇచ్చే నంబరుతో చెప్పాల్సినవి మూడే: 0 అంటే బాగుంది, 1 అంటే చెడింది, 125 అంటే ఈ కమిట్ వదిలెయ్. కంపైల్ కాకపోతే (కోడ్ నుంచి కెర్నెల్ తయారవకపోతే) 125 ఇవ్వాలి, 1 కాదు. లేకపోతే మన గొడవతో సంబంధం లేని కమిట్ మీద నేరం పడుతుంది. కెర్నెల్లో ఏమేం ఉండాలో చెప్పే కాన్ఫిగ్ ఫైలు, పనిచేసేదాన్ని, సోర్స్ బయట దాచి, ప్రతిసారీ కాపీ చేసి 'ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' నడపండి. 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్'తో అక్కర్లేని డ్రైవర్లు ముందే తీసేస్తే, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా కంపైల్ పావుగంటలో తెమిలింది.

తర్వాత క్యూఈఎంయూలో, అంటే కంప్యూటర్లోనే ఉత్తుత్తి మెషీన్ సృష్టించే ప్రోగ్రాంలో, బూట్ చెయ్యాలి. నా అదృష్టం, ఈ పానిక్ అందులోనూ వచ్చింది. రాకపోతే అసలు బోర్డుకే రిలే పెట్టి కరెంటు తీసి వేస్తూ, సీరియల్ కేబుల్ మీద కన్సోల్ (బూట్ అవుతూ ప్రింటయ్యే మెసేజీలు) చదవాల్సి వచ్చేది. బూట్ ఆప్షన్లలో పానిక్ విలువ -1 (అంటే పానిక్ అయిన వెంటనే రీబూట్), క్యూఈఎంయూకి 'నో-రీబూట్' ఇస్తే పానిక్ అవగానే బయటికొచ్చేస్తుంది. బిగుసుకుపోయిన బూట్‌ని 60 సెకన్లకి తెంపడానికి 'టైమవుట్' తగిలించండి. అది ఇచ్చే 124 బైసెక్ట్ లెక్కలో చెడ్డదే.

నేను బోల్తా పడ్డది ఇక్కడేనండి. అలా బయటికొచ్చిన క్యూఈఎంయూ పానిక్ అయినా 0 ఇస్తుంది! మొదటి రాత్రి నా స్క్రిప్టు అన్నింటికీ "బాగుంది, బాగుంది" అంటూ పోయింది. దాని మాట నమ్మకండి. కెర్నెల్ లేచాక మొదట నడిచే ఇనిట్ స్క్రిప్టు చివర ఒక వాక్యం ప్రింట్ చేయించి, కన్సోల్ లాగ్‌లో ఆ వాక్యం కనబడితేనే పాస్ అనండి. నాది "చెరువు సిద్ధం". రాత్రికి వదిలేముందు తెలిసిన మంచి కెర్నెల్ మీద ఒకసారి, తెలిసిన చెడ్డదాని మీద ఒకసారి చేత్తో నడిపి చూడండి. చెడ్డదాన్ని చెడ్డదని అనలేని స్క్రిప్టుకి నిద్ర అప్పగించకూడదు.

రెండో చిక్కు, అయిదింట ఒకసారే పడటం. ఒక్క బూట్ చూసి "మంచిది" అంటే ఆ మెట్టు నుంచి కిందంతా తప్పే. అందుకే ఒక్కో కమిట్‌ని 20 సార్లు లేపాను. చెడ్డది 20 సార్లూ తప్పించుకునే అవకాశం నూటికి ఒకటి చొప్పున ఉంటుంది. ఒక్కసారి పడినా వెంటనే 1 ఇచ్చి ఆపెయ్యొచ్చు, టైము కలిసొస్తుంది.

మధ్యలో కరెంటు పోతే? మా ఊళ్లో పోతుంది. బైసెక్ట్ ఎక్కడిదాకా వచ్చిందో గిట్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, మళ్లీ 'రన్' అంటే అక్కణ్నుంచి సాగుతుంది. సగం కంపైలైన ఫోల్డర్ మాత్రం చెరిపెయ్యండి.

కెర్నెల్ సోర్స్‌తోనే వచ్చే పరీక్షలు కేయూనిట్, కెసెల్ఫ్‌టెస్ట్ కూడా జతచేయొచ్చు. కేయూనిట్‌కి మామూలుగా వర్చువల్ మెషీన్ కూడా అక్కర్లేదు, యూజర్ మోడ్ లైనక్స్ (మామూలు ప్రోగ్రాంలా నడిచే కెర్నెల్) మీద చకచకా అయిపోతాయి. ఇలాంటి బూట్ పానిక్‌ని మాత్రం అవి పట్టవు.

కమిట్ దొరికాక, కొత్త కెర్నెల్ మీద దాన్నొక్కదాన్నే రివర్ట్ చేసి (వెనక్కి తీసి) అదే 20 బూట్ల పరీక్ష పెట్టండి. అన్నీ లేస్తే ఆ కమిట్ ఐడీ, పానిక్ లాగ్, కాన్ఫిగ్ జతచేసి, దాన్ని రాసినవాళ్లకీ కెర్నెల్ రిగ్రెషన్ల (ముందు పనిచేసి కొత్తదాంట్లో చెడినవాటి) మెయిలింగ్ లిస్టుకీ ఉత్తరం రాయండి. ఇప్పుడు కొత్త స్టేబుల్ కెర్నెల్ ఏది వచ్చినా ముందు ఈ స్క్రిప్టు దాటాలి, ఆ తర్వాతే చెరువు గట్టెక్కుతుంది. పెదనాన్న మాత్రం పాత స్టార్టర్ పెట్టె ఇంకా పక్కనే ఉంచుకున్నారు.