పొరల కంపోస్టు మడిలో ఎదురయ్యే చిక్కులు

పెరటి నేలను తవ్వకుండా, అట్టముక్కలు, పేడ, పచ్చిరొట్ట, ఎండుటాకులు పొరలుగా పరిచి వేసవిలో తడుపుతూ ఉంటే, తొలకరి తరువాత నాట్లకు మడి సిద్ధమవుతుంది. అలా కానప్పుడు కారణాన్ని లక్షణాన్ని బట్టి పట్టుకోవచ్చు.

సమస్య: రెండు నెలలైనా ఆకులు మురగలేదు, అట్టల కింద చెదలు చేరాయి.

కారణం తడి చాలకపోవడమే. ఒకసారి బాగా ఎండిన ఆకులు, అట్టలు నీటిని కిందికి దిగనివ్వవు. పైన పోసిన నీరు పక్కలకు జారిపోతుంది. పొరలను విప్పి, అట్టలను చింపి నానబెట్టి, ఒక్కొక్క పొరపై పేడనీళ్లు చల్లుతూ తిరిగి పరచాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంటే సరిపోతుంది.

సమస్య: నాటిన వంగ, టమాటా మొక్కల ముదురాకులు పసుపుబారి, ఎదుగుదల నిలిచిపోయింది.

దీన్ని తెగులనుకొని మందు కొట్టడం వృథా. పొరల్లో వేసిన గడ్డి మట్టిలో కలిసిపోవడం వల్ల వచ్చిన నత్రజని కొరత ఇది. వరిగడ్డిలో నత్రజని ఒక పాలుంటే కర్బనం సుమారు 80 పాళ్లు ఉంటుంది, రంపపు పొట్టులో అంతకంటే చాలా ఎక్కువ. 25 నుంచి 30 పాళ్లతో సరిపెట్టుకునే సూక్ష్మజీవులు మిగతా కర్బనాన్ని కుళ్లబెట్టడానికి మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి. గడ్డి నేలపై ఆచ్ఛాదనగా ఉన్నంతవరకు ఈ లాగుడు పైపైనే ఉంటుంది, మట్టిలో కలిపి తవ్వితే మాత్రం వేర్ల దాకా పోతుంది. అందుకే సగం మురిగిన పొరలను తిరగవేయవద్దని గట్టిగా చెబుతాను. కలిసిన గడ్డిని వీలైనంత ఏరి పైన పరిచి, నానబెట్టిన వేరుశనగ చెక్క నీటిని పలుచన చేసి పోయాలి. పచ్చిరొట్ట ఎరువుగా వాడే గ్లైరిసీడియా చెట్టు రెమ్మలు దొరికితే గడ్డి కింద వేయాలి. పసుపు లేతాకుల్లో ముందుగా కనిపిస్తే మాత్రం అది నత్రజని కొరత కాదు, ఇనుము వంటి మరో పోషకం లోపించి ఉండవచ్చు.

సమస్య: మడి కుళ్లిన గుడ్డు వాసన వేస్తోంది.

నీరు నిలిచి గాలి ఆడటం లేదు. తడపడం ఆపి, పొరలను గునపంతో కాస్త వదులు చేసి, ఎండుటాకులు చేర్చాలి. ఘాటైన అమ్మోనియా వాసనైతే పచ్చిరొట్ట, పేడ ఎక్కువయ్యాయి. దానికీ ఎండుటాకులే మందు.

సమస్య: వానలు మొదలయ్యాక నారు మొదళ్లు మెత్తబడి ఒరిగిపోతున్నాయి.

తడిసిన ఆచ్ఛాదన కాండానికి ఆనుకొని ఉండటం వల్ల శిలీంధ్రం పట్టింది. పడిన మొక్కలను పీకి దూరంగా పారవేసి, మిగిలిన వాటి చుట్టూ నాలుగు వేళ్ల మేర నేలను ఖాళీగా ఉంచాలి. అదే తడిలో నత్తలూ చేరతాయి కనుక, సాయంత్రం మడి పక్కన తడి గోనెసంచి పరిచి, తెల్లవారి దాని కింద దాగినవాటిని ఏరివేయాలి.