జర్మన్‌లో 'త్సురుక్' వాడటం ఎలా?

జర్మనీలో రైల్వే కౌంటర్ దగ్గర 'హిన్ ఉంట్ త్సురుక్' అంటే రానుపోను టికెట్ ఇస్తారు. త్సురుక్ అంటే వెనక్కి. మాట చిన్నదే కానీ, వాక్యంలో దాని చోటు ఎక్కడో తేలక కొత్తవాళ్లు తికమకపడతారు.

1. ముందు నోరు తిప్పండి. చలి, చుట్టం అనేటప్పుడు మనం పలికే 'చ' శబ్దంతోనే ఇది మొదలవుతుంది. ఆ పని మనకు తేలికే. రెండో అచ్చు మాత్రం తెలుగులో లేదు. పెదాలు 'ఉ' అన్నట్టు గుండ్రంగా పెట్టి 'ఇ' అనండి. రెండో భాగాన్ని నొక్కి పలకాలి.

2. తగిన క్రియకు తగిలించండి. త్సురుక్‌కొమ్మెన్ అంటే తిరిగి రావడం, త్సురుక్‌గేబెన్ అంటే తిరిగి ఇవ్వడం, త్సురుక్‌రూఫెన్ అంటే మనకు ఫోన్ చేసినవాళ్లకు తిరిగి చేయడం. త్సురుక్‌కేరెన్ కూడా తిరిగి రావడమే, కాకపోతే కాస్త గ్రాంథికం. పాలప్యాకెట్ తెచ్చి వస్తాననడానికి అది వాడితే నాటకం డైలాగులా ఉంటుంది.

3. ఇప్పుడు విడగొట్టండి. అసలు చిక్కు ఇక్కడే. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది, త్సురుక్ చివరికి పోతుంది: 'ఇష్ కొమ్మె మోర్గెన్ త్సురుక్' (రేపు తిరిగి వస్తాను). మధ్యలో ఇంకో నాలుగు మాటలు చేరినా దాని చోటు మారదు. 'నేను తిరిగొచ్చినప్పుడు' లాంటి ఉపవాక్యంలో మాత్రం రెండూ కలిసే చివర ఉంటాయి: 'వెన్ ఇష్ త్సురుక్‌కొమ్మె'. జరిగిపోయినదానికి మధ్యలో 'గె' దూరుతుంది: 'ఇష్ బిన్ గెస్టెర్న్ త్సురుక్‌గెకొమ్మెన్' (నిన్న తిరిగొచ్చాను). రావడం కాబట్టి ఇక్కడ సహాయక క్రియ 'బిన్'. పుస్తకం తిరిగిచ్చానంటే 'హాబె' వాడాలి: 'ఇష్ హాబె దాస్ బూఖ్ త్సురుక్‌గెగేబెన్'. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ బిన్, హాబెల దగ్గరే అని నా అనుమానం.

4. 'వీడర్' (మళ్ళీ)తో కలిపేయకండి. మన 'తిరిగి' రెండు పనులూ చేస్తుంది, జర్మన్‌లో అలా కుదరదు. బయల్దేరిన చోటికి చేరితే త్సురుక్. డాక్టర్ 'వచ్చే వారం మళ్ళీ రండి' అంటే అది వీడర్. ఇంటికొచ్చి 'వచ్చేశా' అనడానికి మాత్రం 'బిన్ త్సురుక్', 'బిన్ వీడర్ దా' రెండూ నడుస్తాయి.

5. బెర్లిన్ మెట్రోలో 'త్సురుక్‌బ్లైబెన్ బిట్టె' అని వినిపిస్తే ఎవరో తిరిగొస్తున్నారనుకోకండి. తలుపులు మూస్తున్నాం, వెనకే ఉండండి అని దాని అర్థం.